‘రిపేర్ల బండి’ అన్న పేరులో నిజమెంత?

పాత ట్రాక్టరో, కారో, ట్రాలీ ఆటోనో కొందామని బయల్దేరిన రైతుకు బండి కంటే ముందు దాని పేరు ఎదురవుతుంది. ‘ఆ కంపెనీదా? వద్దు బాబూ, అది రిపేర్ల బండి’ అని ఒకరంటారు. ‘ఈ కంపెనీదైతే కళ్లు మూసుకుని తీసుకో’ అని ఇంకొకరంటారు. రచ్చబండ దగ్గర ఈ మాటలకు కొదవ లేదు. కానీ డబ్బు పెట్టేది రైతు. అదీ చాలాసార్లు అప్పు తెచ్చిన డబ్బు. మంచి పేరుందని అరిగిపోయిన బండికి ఎక్కువ పెట్టినా నష్టమే. చెడ్డపేరుకు భయపడి గట్టి బండిని వదులుకున్నా నష్టమే. అందుకని ఈ పేర్లు ఎలా వస్తాయి, ఎంతవరకు నమ్మాలి అన్నది చిన్న, సన్నకారు రైతులు తెలుసుకుని ఉండటం అవసరం.

ఒకే ఇంజను... వేరు వేరు పేర్లు

ముందుగా మనందరికీ తెలిసిన కార్ల సంగతి చూద్దాం. మారుతి స్విఫ్ట్ డీజిల్ కారు 2007లో మన దేశంలో అమ్మకానికి వచ్చింది. తర్వాత వచ్చిన డిజైర్ డీజిల్ బళ్లు ట్యాక్సీలుగా ఊరూరా తిరిగాయి. ‘మైలేజీ ఇస్తుంది, ఇంజను మొండిది’ అని పేరు తెచ్చుకున్నాయి. ఆ 1.3 లీటర్ల డీజిల్ ఇంజను నిజానికి ఇటలీకి చెందిన ఫియట్ కంపెనీది. ఫియట్ నుంచి లైసెన్సు తీసుకుని ఇక్కడ తయారుచేశారు. ఇదే ఇంజను టాటా ఇండికా విస్టాలోనూ, ఫియట్ సొంత కార్లయిన లీనియా, పుంటోల్లోనూ ఉంది. కొద్దిపాటి మార్పులు తప్పితే పునాది ఒక్కటే.

మరి పేరు? మారుతికి మంచి పేరు. ఫియట్‌కు మాత్రం ‘తలనొప్పి బండి, పార్టులు దొరకవు, సర్వీసు ఉండదు’ అన్న పేరు. ఇంజను ఒకటే అయినప్పుడు ఈ తేడా ఇంజను వల్ల రాలేదన్నది స్పష్టం. మారుతి షోరూములు, మెకానిక్కులు చిన్న పట్టణాల్లో సైతం ఉన్నారు. ఫియట్‌కు అంత బలగం లేదు. జనం ‘బండి మంచిది కాదు’ అన్న మాటలో సగం ‘బాగుచేసేవాడు దగ్గర్లో లేడు’ అన్నదే.

ఇలాంటిదే అమెరికాలో ఇంకో ముచ్చట ఉంది. కాలిఫోర్నియాలో టయోటా, జనరల్ మోటార్స్ కంపెనీలు కలిసి 1984 నుంచి ఒక ఫ్యాక్టరీ నడిపాయి. 1990లలో ఆ ఫ్యాక్టరీలో టయోటా కరోలా కారూ తయారయ్యేది, ప్రిజమ్ అనే కారూ తయారయ్యేది. రెండూ దాదాపు ఒకే బండి. కాకపోతే ప్రిజమ్‌ను జనరల్ మోటార్స్ వాళ్లు తమ పేరుతో అమ్మారు. పాత బళ్ల బజారులో మాత్రం ప్రిజమ్‌కు కరోలా కంటే తక్కువ ధర పలికేది. ఈ కిటుకు తెలిసినవాళ్లు ప్రిజమ్ కొని లాభపడ్డారు. తెలియనివాళ్లు పేరుకు అదనంగా డబ్బు కట్టారు.

చెడ్డపేరు నిజమయ్యేది ఎప్పుడు?

అలాగని చెడ్డపేర్లన్నీ ఉత్త పుకార్లే అనుకోకూడదు. నిప్పు ఉన్నచోట పొగ వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. ఫోర్డ్ కంపెనీ అమెరికాలో అమ్మిన 2011-16 ఫియెస్టా, 2012-16 ఫోకస్ కార్లలో రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉండేది. బండి కదిలేటప్పుడు వణకడం, జారడం మొదలైంది. ఫిర్యాదులు కోర్టుదాకా వెళ్లి కంపెనీ పరిహారం ఇవ్వాల్సి వచ్చింది. ఇక్కడ చెడ్డపేరు న్యాయమైనదే. అయితే లోపం ఉన్నది ఆ గేర్‌బాక్స్‌లో. చేత్తో గేరు మార్చే అవే కార్లకు ఈ జబ్బు లేదు. ‘ఫోర్డ్ బళ్లన్నీ ఇంతే’ అన్నవారు తప్పు లెక్క వేసినట్టే.

పేరు మారడానికి చాలా కాలం పడుతుందన్నది మరో సంగతి. హ్యుండయ్ కంపెనీ 1986లో అమెరికాలో ఎక్సెల్ అనే చౌక కారుతో అడుగుపెట్టింది. మొదట బాగా అమ్ముడైనా రిపేర్లు ఎక్కువై నవ్వులపాలైంది. తర్వాత కంపెనీ నాణ్యత మీద శ్రద్ధపెట్టి 1998లో ఇంజను, గేర్‌బాక్స్‌లకు పదేళ్లు లేదా లక్ష మైళ్ల వారంటీ ప్రకటించింది. లక్ష మైళ్లంటే సుమారు లక్షా అరవై వేల కిలోమీటర్లు. బండి బాగుపడ్డాక కూడా పాత పేరు కొన్నేళ్లపాటు వెంటాడింది.

దీనికి తిరగబడిన కథ టయోటాది. నమ్మకానికి మారుపేరని అందరూ చెప్పుకునే ఈ కంపెనీ 2009-10లో కాలిమ్యాట్లు, యాక్సిలరేటర్ పెడల్ లోపాల కారణంగా ప్రపంచవ్యాప్తంగా 80 లక్షలకు పైగా బళ్లను సరిచేయడానికి వెనక్కి పిలవాల్సి వచ్చింది. మంచి పేరున్న కంపెనీ చేసిన ప్రతి బండీ మంచిదే కావాలని లేదు.

కాబట్టి ‘ఏ కంపెనీ?’ అన్నది చాలదు. ‘ఏ మోడల్? ఏ సంవత్సరం? అందులో ఏ భాగానికి చెడ్డపేరు?’ అని అడగాలి.

షెడ్డులో కనిపించేదే లెక్క కాదు

ఇప్పుడు ట్రాక్టర్ల సంగతికి వద్దాం. మెకానిక్ షెడ్డులో ఎప్పుడు చూసినా ఫలానా రంగు ట్రాక్టర్లే విప్పి ఉంటాయని, అందుకే ఆ కంపెనీ వద్దని కొందరంటారు. ఇందులో ఒక చిక్కు ఉంది. ఉదాహరణకు ఒక మండలంలో ఒక కంపెనీ ట్రాక్టర్లు 100, ఇంకో కంపెనీవి 10 ఉన్నాయనుకుందాం. ఏడాదిలో మొదటి కంపెనీవి 20, రెండోదానివి 4 షెడ్డుకు వచ్చాయి. చూసేవారికి మొదటిదే రిపేర్ల బండిగా కనిపిస్తుంది. లెక్క వేస్తే మొదటిది నూటికి 20, రెండోది నూటికి 40. అసలు ఇబ్బంది రెండోదానిలోనే ఉంది. ఎక్కువ అమ్ముడైన బండి ఎక్కువగా షెడ్డులో కనిపించడం సహజం.

ఇంకో తేడా వాడకంలో ఉంది. సొంత పొలానికి వాడుకుని పాకలో పెట్టే ట్రాక్టరు ఒకటి. సీజన్లో డ్రైవర్లు మారుతూ రాత్రింబవళ్లు కిరాయికి దమ్ము చేసి, సీజను అయిపోగానే ఇసుక, ఇటుక తోలే ట్రాక్టరు ఇంకొకటి. రెండూ ఒకే కంపెనీవే, ఒకే ఏడాది కొన్నవే అయినా ఐదేళ్లకు వాటిని పక్కపక్కన నిలబెడితే ఒకటి ఎద్దులా, ఇంకొకటి ఎముకల గూడులా ఉంటుంది. కిరాయివాళ్లు ఇష్టపడి కొనే మోడల్‌కే రిపేర్ల పేరు త్వరగా రావడానికి ఇదొక కారణం.

పేరు చెడగొట్టే మన పనులు

కంపెనీ మీదకు నెట్టే రిపేర్లలో చాలావాటికి మూలం పోషణలో ఉంటుంది. ముఖ్యమైనవి ఇవి:

దుమ్ము: మెట్ట దుక్కిలో ఎయిర్ క్లీనర్‌ను పట్టించుకోకపోతే సన్నటి ఇసుక ఇంజనులోకి పోతుంది. రింగులు, బోరు అరిగి ఆయిలు తాగడం మొదలవుతుంది. ఆయిల్ గిన్నె రకమైతే గుర్తు వరకే ఆయిలు పోసి, దుమ్ము పనులప్పుడు రోజూ చూసి శుభ్రం చేయాలి. గుర్తు దాటి పోస్తే ఇంజను ఆ ఆయిలును లాగేసుకునే ప్రమాదం ఉంది.

నీళ్లు, బురద: దమ్ముకు దిగేముందు క్లచ్ హౌసింగ్ అడుగున ఉన్న రంధ్రానికి బిరడా బిగించాలి. పని అయ్యాక తీసేయాలి. ఈ చిన్న పని మరిచిపోతే బురదనీరు క్లచ్‌లోకి చేరుతుంది. వెనక ఇరుసు, గేర్‌బాక్స్ ఆయిలు పాలలా తెల్లగా మారిందంటే నీళ్లు కలిశాయని అర్థం. వెంటనే మార్చాలి.

క్లచ్ మీద కాలు: పెడల్ మీద కాలు పెట్టే నడిపే డ్రైవరు చేతిలో ఏ కంపెనీ క్లచ్ ప్లేటూ నిలవదు.

డీజిలు: తుప్పు డ్రమ్ముల్లో నిలవచేసిన డీజిలును కదిపి కదిపి పోస్తే అడుగున ఉన్న నీరు, నలుసులు ట్యాంకులోకి పోతాయి. పంపు, నాజిళ్లు పాడవుతాయి. డ్రమ్ము ఒకరోజు కదలకుండా ఉంచి పైతేట మాత్రమే వడకట్టి పోయాలి.

ట్రక్కు బరువు: ఇంజను లాగుతోంది కదా అని మోయలేనంత లోడు వేస్తే బ్రేకులు, ఇరుసు, గేర్లు దెబ్బతింటాయి. మనిషి ప్రాణానికీ ముప్పు.

రిపేరు రావడం వేరు, తీరడం వేరు

రైతుకు అన్నిటికంటే పెద్ద నష్టం బండి చెడిపోవడం కాదు, అదునులో ఆగిపోవడం. యాభై రూపాయల సీలు దొరక్క దమ్ము సీజన్లో బండి వారంరోజులు నిలబడితే ఆ నష్టం సీలు ధరతో పోదు. అందుకే పార్టులు దొరకవన్న చెడ్డపేరును తేలిగ్గా తీసుకోరాదు.

పాత హెచ్.ఎం.టి. ట్రాక్టర్లు ఇందుకు మంచి ఉదాహరణ. చెకొస్లవేకియాకు చెందిన జెటార్ పరిజ్ఞానంతో పింజోర్ ఫ్యాక్టరీలో తయారైన ఈ ట్రాక్టర్లను గట్టి బళ్లని మెచ్చుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. కానీ 2016లో కేంద్ర ప్రభుత్వం ఈ ట్రాక్టర్ల విభాగం మూసివేతకు ఆమోదం తెలిపింది. ఇప్పుడు అలాంటి ట్రాక్టరు చౌకగా వస్తే ఇనుము గట్టిదా అని మాత్రమే కాదు, పార్టులు ఏ ఊళ్లో దొరుకుతాయి, ఆ ఇంజను విప్పగల మేస్త్రీ ఎవరు అని ముందే విచారించుకోవాలి. కార్లలోనూ ఇంతే. షెవర్లే 2017 చివరికల్లా మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపుతున్నట్టు 2021లో ప్రకటించింది. అలాంటి బళ్లు తక్కువ ధరకు రావచ్చు. మిగిలిన డబ్బు రేపు పార్టులకు సరిపోతుందా అన్నది లెక్క చూసుకోవాలి.

కొనేముందు చూడవలసినవి

1. ఉదయాన్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు వెళ్లాలి. మనం వచ్చేసరికే స్టార్టు చేసి వేడెక్కించి ఉంచితే అనుమానించాలి.

2. పొగ చూడాలి. నీలిపొగ ఆగకుండా వస్తుంటే ఇంజను ఆయిలు తాగుతున్నట్టు. బరువు లేకుండానే నల్లపొగ దట్టంగా వస్తే నాజిళ్లు, పంపు, ఎయిర్ క్లీనర్ చూపించాలి. తెల్లపొగ వేడెక్కాక కూడా తగ్గకపోతే మంచిది కాదు.

3. ఆయిలు పోసే మూత తీసి చూడాలి. అక్కడినుంచి పొగ గుప్పుగుప్పున కొడుతుంటే రింగులు, బోరు పని అయిపోయిందని అనుకోవచ్చు.

4. రేడియేటరు నీళ్లపై ఆయిలు తెట్టె కట్టినా, ఇంజను ఆయిలు తెల్లగా ఉన్నా హెడ్ గాస్కెట్ దగ్గర నుంచి పెద్ద ఖర్చే ఉండవచ్చు. వేడి ఇంజను మీద రేడియేటరు మూత తీయరాదు.

5. లిఫ్టుకు రొటావేటరో, నాగలో తగిలించి పైకెత్తి ఇంజను ఆపాలి. గబగబా కిందికి దిగిపోతే హైడ్రాలిక్ అరిగినట్టు. ఎత్తిన పనిముట్టు కిందకు మనిషి పోరాదు.

6. గంటల మీటరును ఒక్కదాన్నే నమ్మరాదు. దాన్ని ఆపి ఉంచవచ్చు. పెడళ్లు ఎంత అరిగాయి, హిచ్ రంధ్రాలు ఎంత సాగాయి, స్టీరింగు ఎంత ఆడుతోంది అన్నవి నిజం చెబుతాయి.

7. పొలంలో గంటసేపు నడిపించాలి. రోడ్డు మీద నడిపి చూపిస్తే చాలదు.

8. ఆర్.సి.లోని ఇంజను, ఛాసిస్ నంబర్లు బండి మీదవాటితో సరిపోవాలి. ఫైనాన్సు ఉంటే బాకీ తీరినట్టు పత్రం, ఫారం 35 తీసుకున్నాకే పూర్తి డబ్బు ఇవ్వాలి.

మనకు తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లి అతని కూలి ఇవ్వడం దండగ కాదు. అమ్మే మనిషి తెచ్చిన మెకానిక్ మాట మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు.

కొత్తది కొనేవారికి

ట్రాక్టర్లను మధ్యప్రదేశ్‌లోని బుద్నీ కేంద్రంలో పరీక్షించి నివేదికలు ఇస్తారు. ఇంజను బలం, డీజిలు ఖర్చు, లాగే శక్తి వంటివి అందులో అంకెలతో ఉంటాయి. డీలరును ఆ నివేదిక అడగవచ్చు. కాగితం మీద రెండు కంపెనీల ట్రాక్టర్లను పోల్చుకోవడానికి ఇది రచ్చబండ మాట కంటే మేలు. అయితే పరీక్షించేది కొత్త ట్రాక్టరును. పదేళ్ల తర్వాత ఎలా ఉంటుందో అందులో ఉండదు. దానికి అదే మోడల్‌ను ఐదారేళ్లుగా, మనలాంటి నేలలో, మనలాంటి పనికే వాడుతున్న ఇద్దరు ముగ్గురు రైతులను అడగాలి. ‘బాగుందా?’ అని కాదు, ‘పోయిన రెండేళ్లలో ఏం మార్చావు? ఎంతయింది? ఎన్ని రోజులు ఆగింది?’ అని అడగాలి. ట్రాక్టరు పోషణ, వాడకం నేర్చుకోదలచినవారికి అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల సంస్థలో శిక్షణ ఇస్తారు.

మూడు నాలుగు ఎకరాల రైతు ఇంకో మాట కూడా ఆలోచించాలి. సొంత పొలం పనికి ట్రాక్టరు ఏడాదిలో కొద్ది గంటలే తిరుగుతుంది. కిరాయి పని దొరికే నమ్మకం లేకపోతే ఎంత మంచి పేరున్న ట్రాక్టరైనా వాయిదాల భారమే. అప్పుడు అద్దెకు తోలించుకోవడమో, నలుగురు కలిసి కొనుక్కోవడమో మేలు.

‘పేరు గొప్ప ఊరు దిబ్బ’ అన్న సామెత బళ్లకూ వర్తిస్తుంది. పేరు అనేది విచారణ మొదలుపెట్టడానికి పనికొస్తుంది, ముగించడానికి పనికిరాదు. మంచి పేరున్నా మూత తీసి చూడండి. చెడ్డపేరున్నా కారణం అడగండి. లోపం ఇంజనులో ఉందా, వాడినవాడిలో ఉందా, పార్టుల కొట్లో ఉందా అన్నది తేల్చుకున్నాకే బయానా ఇవ్వండి.