జీపు ఊరి బయటే ఆపు

ప్రొద్దుటూరు

పాపా,

నీకు ప్రభుత్వ సైంటిస్టు ఉద్యోగం వచ్చిందని మీ నాయన ఫోన్ చేసిన రోజు మీ పెద్దమ్మ టెంకాయ కొట్టింది. దేనిమీద పరిశోధన అని అడిగితే కార్చిచ్చుల మీద అన్నాను. "మీరు ముప్పై ఏండ్లు మండలతో కొట్టి ఆర్పినారు, అది సదివి ఆర్పుతాదా?" అనింది. నవ్వినాను గానీ, ఆ మాట ఇంకా మనసులో మెదులుతూనే ఉంది.

అడవి అంచు ఊర్ల మీదికి అగ్గి ఎట్లా దిగుతుందో చూస్తాననీ, ముందుగా మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతమే తీసుకుంటాననీ రాసినావు. ఫారెస్టు గార్డుగా చేరి డిప్యూటీ రేంజరుగా దిగిపోయినవాణ్ణి, నీ లెక్కలు నాకు రావు. ఆ లెక్కలకు అందని సంగతులు మాత్రం కొన్ని తెలుసు. వాటి కోసమే ఈ ఉత్తరం.

మా కాలంలో అగ్గి కబురు కాళ్ళ మీద నడిచి వచ్చేది. గొర్రెలకాపరి వచ్చి చెప్పేసరికి సగం గుట్ట నల్లబడి ఉండేది. 2004 నుంచి డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళు ఉపగ్రహాల్లో చూసి చెప్పడం మొదలుపెట్టినారు. పోనుపోను ఆ కబురు మా ఫోన్లకే వచ్చింది. మేలే జరిగింది. కానీ తెర మీద ఎర్రచుక్క చూసి అగ్గిని చూసినట్టే అనుకోవద్దు. ఇప్పుడు వాడే వీఐఐఆర్‌ఎస్ సెన్సరులో ఒక్కో గడి 375 మీటర్లు, అంటే ఇంచుమించు 35 ఎకరాలు. అందులో కాలింది రెండెకరాలా, ముప్పై ఎకరాలా అనేది చుక్క చెప్పదు. ఆ ఉపగ్రహాలు మన నెత్తి మీదికి వచ్చేది మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో, మళ్ళీ రాత్రి అదే వేళకు. సాయంత్రం నాలుగుకు అంటుకుని పదికల్లా చల్లారిన గడ్డిమంట వాటికి కనపడనే కనపడదు. ఇంకోపక్క ఎర్రగుంట్ల దిక్కు సిమెంటు బట్టీలు, జమ్మలమడుగు నల్లరేగడిలో రైతు కాల్చే పత్తికట్టె, ఇవన్నీ పైనుంచి చూస్తే వేడే.

కాబట్టి చుక్క దగ్గరికి నడిచిపో. చెట్టు బోదె చుట్టూ తిరిగి చూడు. గాలి తగిలిన వైపు మసి కిందనే ఆగి, వెనకవైపు ఎత్తుగా ఎక్కి ఉంటుంది. అట్లాంటి చెట్లు పది చూస్తే మంట ఎటునుంచి ఎటు పోయిందో నీకే తెలుస్తుంది.

అయినా చెట్టు చెప్పేది అంతవరకే. అగ్గి ఎందుకు పుట్టిందో మనిషే చెప్పాల. కలివికోడి పిట్ట సంగతి నీకు చిన్నప్పుడు ఎన్నోసార్లు చెప్పినా. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో లంకమల్ల అడవి పక్కన మళ్ళీ దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి వచ్చిన భరత్ భూషణ్ దాన్ని గుర్తించినాడు, నిజమే. కానీ రాత్రిపూట టార్చిలైటు వేసి దాన్ని పట్టింది మాత్రం పక్షులు పట్టుకునే ఊరి మనిషి. ఆయన చెయ్యి లేకుంటే ఆ సైన్సు లేదు. అప్పుడు నేను కొత్త గార్డుని. ఆ పాఠం నాకు చాలా ఆలస్యంగా తలకెక్కింది.

యూనిఫారంతో పోయి "ఎవడ్రా అగ్గి పెట్టింది?" అని అడిగితే ఎవరూ నోరు విప్పరు. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరమని వాళ్ళకూ తెలుసు. పక్కన కూర్చుని బీడీ కాల్చుకోనిచ్చి, ఈ ఏడు మేత ఎట్లుందని అడిగితే అన్నీ వస్తాయి. ముదిరిన బోదగడ్డి గొర్రె ముట్టదు, కాలిస్తే వానకు లేత చిగురు వస్తుంది. ఒకడు తేనెపట్టుకు పొగబెట్టి ఆర్పకుండా వచ్చేస్తాడు. గండికోట దగ్గర టెంట్లు వేసుకున్న పిల్లలు రాళ్ళపొయ్యిలో నిప్పు వదిలిపోతారు. ఒక్కో అగ్గికి ఒక్కో కారణం, ఒక్కో వేళ. ఇదంతా నోటుబుక్కులో రాసుకో. పేర్లు మాత్రం రాయొద్దు. ఒక్కసారి ఒక్కడి మీద కేసైతే ఆ ఊరు నీతో ఇంక మాట్లాడదు.

సంక్రాంతికి వచ్చినప్పుడు పెండ్లిపత్రిక వెనక బైరం సూత్రం రాసి చూపినావు, గుర్తుందా? మంట బలమంటే గడ్డిలోని వేడి, కాలే గడ్డి బరువు, మంట నడిచే వేగం, ఈ మూడింటి గుణకారమని. 1959 నాటిదన్నావు. నీవు పోయినాక ఆ కాగితం చాలాసార్లు తీసి చూసినా. వేడి ఏ గడ్డిదైనా ఇంచుమించు ఒకటే. వేగం గాలిది, కొండవాలుది, మన చేతిలో లేదు. ఊరోళ్ళ చేతిలో ఉండేది మధ్యనుండే ఆ బరువొక్కటే. పులివెందుల పక్క కొండ కింద చీనీతోటలకు పోయి చూడు. ఎండిన కంపకంచె, దాన్ని ఆనుకుని శనక్కాయ కట్టె వామి, తోటంతా డ్రిప్ పైపులు. మంట అడవి దాటనక్కరలేదు, గాలికి నాలుగు నిప్పురవ్వలు వామిలో పడితే చాలు. పొద్దున్నే రైతు కరిగిపోయిన పైపును చేతిలో పట్టుకుని నిలబడి ఉంటాడు. వామి ఎంత దూరంలో వేయాల, కంచె ముందర ఎన్ని గజాలు చెక్కి శుభ్రం చేయాల అనేది నువ్వు కొలిచి చెప్పగలిగితే, నీ చదువు ఆ తోటకు కంచె అవుతుంది.

ఇక నా తప్పొకటి చెప్పాల. ఒక మార్చి నెల మధ్యాహ్నం లంకమల్లలో మంట కింద ఉంది గదా అని, ముగ్గురు వాచర్లతో పైన ఒక గొందిలో నిలబడినాను. పచ్చి మండలు విరుచుకుంటున్నాం. అంతలో అవతలి గట్టు మీదినుంచి ఒక కాపరి అరిచినాడు: "సారూ, గొందిలో వద్దు! అది పొగగూడు!" విసుక్కుంటూనే పక్కన బండల మీదికి ఎక్కినాం. రెండు నిమిషాలు కాలేదు, గొంది మొత్తం హోరుమని మండి పైకి లేచింది. వాలు పది డిగ్రీలు పెరిగితే వేగం ఇంచుమించు రెట్టింపని మెక్‌ఆర్థర్ లెక్క నువ్వు చెప్పినప్పుడు నాకు ఆ హోరే వినిపించింది. 2018 మార్చి 11న తమిళనాడు కురంగణి కొండల్లో ట్రెక్కింగుకు పోయినవాళ్ళు ఎండుగడ్డి మంటలో చిక్కి ఎందరో చనిపోయినారు. నువ్వు కొలతలకు పోయేటప్పుడు బయటికి దారి చూసుకోకుండా లోపలికి అడుగు పెట్టొద్దు. రీడింగు పోతే మళ్ళీ తీసుకోవచ్చు.

చివరిగా ఒక మాట. 2014 మార్చిలో తిరుమల దగ్గర శేషాచలం అంటుకున్నప్పుడు హెలికాప్టర్లు వచ్చినాయి. మన వాణిపెంట గుట్టకు అవి రావు. ఇక్కడికి రావలసింది ఫిబ్రవరికి ముందే, ఆకు రాలకముందే, తెలుగులో ఒక్క పేజీ: ఈ ఏడు ఏ గుట్టకు ప్రమాదం, ఏ వైపు గడ్డి ముందు కోయాల అని. నీ పేపరు ఇంగ్లీషులో అచ్చయి పేరు తెస్తే సంతోషమే. కానీ అది జూన్‌లో వస్తే ఆ ఏటి బోదగడ్డి అప్పటికే బూడిద. రాని అగ్గికి నీకు ఎవరూ సన్మానం చేయరు, ప్రమోషన్ ఫైల్లో దానికి గడి ఉండదు. ఆ సంగతి ముందే తెలుసుకుని ఉద్యోగంలో చేరు.

ఉగాదికి వస్తానన్నావు గదా. ఆ పొగగూడు కాపరి ఇంకా ఉన్నాడు, చూపు తగ్గింది. ఏ గొంది ఎట్లా మండుతుందో కండ్లు మూసుకుని చెబుతాడు. ఆయన దగ్గరికి తీసుకుపోతాను. నీ గాలి మీటరు తెచ్చుకో. మీ ఆఫీసు జీపు మాత్రం ఊరి బయటే ఆపాల, అక్కడినుంచి నడిచే పోదాం.

ఇట్లు,
మీ పెద్దనాయన