తోకచుక్క దారి – తరాల లెక్క

తోకచుక్క పొడిస్తే రాజుకు కీడు, రాజ్యానికి కరువు అని పూర్వం ఎన్నో దేశాల్లో నమ్మేవారు. సూర్యచంద్రుల రాకపోకలకు లెక్క ఉంది. గ్రహణాలకూ లెక్క ఉంది. తోకచుక్క మాత్రం చెప్పకుండా వచ్చి చెప్పకుండా పోయేది. భయమంతా అక్కడే పుట్టింది. దానికీ ఒక లెక్క ఉందని మనిషి ఎలా తెలుసుకున్నాడు, ఆ లెక్క నేడు ఎలా వేస్తున్నారు, ఎక్కడ తప్పుతోంది అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

తోకచుక్క అంటే మంచు, ధూళి, రాతి ముక్కలు కలిసి గడ్డకట్టిన ముద్ద. హేలీ తోకచుక్క ముద్ద పొడవు సుమారు 15 కిలోమీటర్లే. సూర్యుడికి దగ్గరయ్యే కొద్దీ మంచు ఆవిరై, ధూళిని వెంటబెట్టుకుని బయటికి చిమ్ముతుంది. మనకు కనిపించే తల, తోక అవే. తోక ఎప్పుడూ సూర్యుడికి అవతలి వైపుకే చాచి ఉంటుంది.

స్థానం కొలవడం

భూమి మీద ఊళ్లకు అక్షాంశ రేఖాంశాలు ఉన్నట్టే ఆకాశంలో చుక్కలకూ ఉన్నాయి. తోకచుక్కను ఫొటో తీసి, దాని చుట్టూ ఉన్న నక్షత్రాల నుంచి అది ఎంత దూరంలో ఉందో కొలిస్తే దాని స్థానం తెలుస్తుంది. అంటే తోకచుక్కను కొలవాలంటే ముందుగా నక్షత్రాల పటం సరిగ్గా ఉండాలి.

1577లో ఒక పెద్ద తోకచుక్క కనిపించింది. డెన్మార్క్‌లో టైకో బ్రాహీ దాని స్థానాన్ని ఓపిగ్గా కొలిచి, వేరే ఊళ్లో కొలిచిన లెక్కతో పోల్చాడు. అది చంద్రుడికన్నా దగ్గరగా ఉంటే, రెండు ఊళ్ల నుంచి చూసినప్పుడు నక్షత్రాల మధ్య వేర్వేరు చోట్ల కనిపించాలి. అలా కనిపించలేదు. కాబట్టి అది చంద్రుడికన్నా చాలా దూరంలో ఉందని తేల్చాడు. అదే తోకచుక్కను ఇస్తాంబుల్‌లో తకియుద్దీన్ కూడా చూశాడు. సుల్తాన్ మూడో మురాద్ ఆయనకు గొప్ప అబ్జర్వేటరీ కట్టించాడు. అక్కడి దర్బారుకు మాత్రం కొలతకన్నా శకునమే ముఖ్యమైంది. ఆ చుక్క శుభసూచకమని తకియుద్దీన్ చెప్పాడు. 1580లో ఆ అబ్జర్వేటరీని కూలగొట్టారు. పనిముట్లతోపాటు ఏళ్ల తరబడి సాగాల్సిన పని కూడా ఆగిపోయింది. టైకో రాతలు మిగిలాయి. ఆయన తర్వాత కెప్లర్ గ్రహాల దారిని కనిపెట్టడానికి ఆధారమైనవి టైకో వదిలివెళ్లిన కొలతలే.

కక్ష్య కట్టడం

ఒక రాత్రి కొలతతో దిక్కు మాత్రమే తెలుస్తుంది, దూరం తెలియదు. కొన్ని రోజుల ఎడంతో కనీసం మూడు కొలతలు ఉంటే కక్ష్యను అంచనా కట్టవచ్చు. కక్ష్యను ఆరు సంఖ్యలతో చెబుతారు. అది ఎంత పెద్దది, ఎంత సాగి ఉంది, ఎంత వాలి ఉంది, ఏ దిక్కుకు తిరిగి ఉంది, సూర్యుడికి అతి దగ్గరగా ఎప్పుడు వస్తుంది వంటివన్నీ వాటిలో ఉంటాయి. వారం రోజుల కొలతలతో కట్టిన కక్ష్యలో పొరపాటు ఎక్కువ. నెలలు గడిచి కొలతలు పెరిగే కొద్దీ అది తగ్గుతుంది.

ఎడ్మండ్ హేలీ పాత రికార్డులు తిరగేసి 1531, 1607, 1682 తోకచుక్కల దారి దాదాపు ఒక్కటేనని గమనించాడు. మూడూ ఒకటేననీ, 1758 చివర్లో మళ్లీ వస్తుందనీ చెప్పాడు. ఆయన 1742లో చనిపోయాడు. ఫ్రాన్స్‌లో క్లైరో, లలాండ్, నికోల్ లెపోట్ అనే మహిళ కలిసి నెలల తరబడి చేతితో లెక్కలు వేశారు. గురుగ్రహం లాగడం వల్ల 518 రోజులు, శని వల్ల మరో 100 రోజులు ఆలస్యమవుతుందనీ, 1759 ఏప్రిల్ నడుమ సూర్యుడి దగ్గరికి వస్తుందనీ తేల్చారు. 1758 డిసెంబర్ 25 రాత్రి జర్మనీలో పాలిట్జ్ దాన్ని చూశాడు. సూర్యుడి దగ్గరికి వచ్చింది 1759 మార్చి 13న. 76 ఏళ్ల ప్రయాణంలో తేడా ఒక్క నెల!

ఆ చిన్న తేడాలకూ కారణాలు ఉంటాయి. ఎంకే తోకచుక్క 3.3 ఏళ్లకోసారి తిరుగుతుంది. అప్పట్లో అది ప్రతిసారీ రెండు మూడు గంటలు ముందే వచ్చేది. మంచు ఆవిరై చిమ్మినప్పుడు ముద్ద ఎదురు దిక్కుకు కొద్దిగా నెట్టుకుపోతుందని 1950లో ఫ్రెడ్ విపుల్ వివరించాడు. నేటి కంప్యూటర్ లెక్కల్లో ఆ తోపు కూడా ఉంటుంది.

వెలుగు మాట వినదు

దారి చెప్పడం సులువైంది గానీ, ఎంత వెలుగుతుందో చెప్పడం నేటికీ కష్టమే. వెలుగును మాగ్నిట్యూడ్‌తో కొలుస్తారు. సంఖ్య తగ్గే కొద్దీ వెలుగు ఎక్కువ. చీకటి ఆకాశంలో కంటికి 6 వరకూ కనిపిస్తుంది. ఒక రాయి సూర్యుడికి సగం దూరానికి చేరితే దాని మీద పడే వెలుగు 4 రెట్లవుతుంది. తోకచుక్క అయితే ధూళి కూడా పెరుగుతుంది కాబట్టి సగటున 16 రెట్లు అవుతుందని లెక్క వేస్తారు. కానీ ఏ ముద్దలో ఎంత మంచు ఉందో, ఎప్పుడు పగులుతుందో పైకి తెలియదు.

1973లో కోహౌటెక్ మీద పెట్టుకున్న ఆశలు నెరవేరలేదు. 2007 అక్టోబర్‌లో హోమ్స్ రెండు రోజుల్లోపే 17 నుంచి 3 లోపుకు చేరి, సుమారు 5 లక్షల రెట్లు వెలిగింది. ఐసాన్ 2013 నవంబర్ 28న సూర్యుడిని చుట్టి వచ్చే సమయానికి ముక్కలైపోయింది. 2024లో షుచిన్‌షాన్–అట్లాస్ కూడా ముక్కలవుతుందని ఒక నిపుణుడు ముందే రాశాడు. అది నిలబడి, అక్టోబర్‌లో మామూలు కంటికే కనిపించింది.

హైదరాబాద్ వాటా

తోకచుక్క స్థానానికి నక్షత్ర పటం కావాలని పైన చెప్పుకున్నాం. ఆకాశమంతటినీ ఫొటోలు తీసి కేటలాగు చేసే పనిని పలు దేశాల అబ్జర్వేటరీలు పంచుకున్నాయి. దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య భాగం హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీకి వచ్చింది. ఆ అబ్జర్వేటరీని 1901లో నవాబ్ జఫర్ జంగ్ సొంత డబ్బుతో, 15 అంగుళాల టెలిస్కోప్ తెప్పించి మొదలుపెట్టారు. ఆయన 1907లో మరణించగా, 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. ఆ కేటలాగును ఆయన చూడలేదు.

అక్కడ పనిచేసిన ఉద్యోగి కొడుకు వైణు బాపు టెలిస్కోపుల మధ్యే పెరిగాడు. హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్‌కు వెళ్లి, 1949లో ఫొటో ప్లేటు మీద కొత్త తోకచుక్కను పట్టుకున్నాడు. దానికి బాపు–బోక్–న్యూకిర్క్ అని పేరు పెట్టారు.

మనం చేయగలిగింది

1910లో భూమి హేలీ తోకలోంచి వెళ్తుందని తెలిసి, విషవాయువు కమ్ముతుందని ఎన్నో దేశాల్లో జనం బెదిరిపోయారు. దాన్ని అడ్డుపెట్టుకుని మాత్రలు అమ్ముకున్నవారూ ఉన్నారు. ఏమీ కాలేదు. ఆ ఏడాదే గురజాడ ‘ముత్యాల సరాలు’లో తోకచుక్కకు భయపడనక్కర్లేదని చెప్పారు.

పిల్లలకు ఒక నోటుబుక్కు, మామూలు బైనాక్యులర్స్ చాలు. తోకచుక్క మసకగా ఉంటుంది కాబట్టి, దగ్గరి నక్షత్రాలు కూడా అంత మసక బంతుల్లా కనిపించేదాకా బైనాక్యులర్స్ ఫోకస్ తప్పించాలి. ఒకటి తోకచుక్కకన్నా కొంచెం ప్రకాశంగా, మరొకటి కొంచెం మందంగా ఉండే నక్షత్రాలను ఎంచుకుని, వాటి మధ్య దీని వెలుగును అంచనా కట్టాలి. తేదీ, సమయం, ఊరు, మబ్బు ఉందా లేదా అన్నవి రాసుకోవాలి. సూర్యుడు పూర్తిగా అస్తమించేదాకా ఆ దిక్కుకు బైనాక్యులర్స్ పెట్టకూడదు. చుక్క కనిపించని రాత్రి ‘కనిపించలేదు’ అని రాయడమూ లెక్కే. అది మందగించిందని తెలిసేది ఆ మాటతోనే.

హేలీ తోకచుక్క 2023 డిసెంబర్‌లో తన దారి చివర, భూమికీ సూర్యుడికీ మధ్య దూరానికి 35 రెట్ల దూరంలో మలుపు తిరిగింది. మళ్లీ సూర్యుడి దగ్గరికి వచ్చేది 2061 జూలై 28న. దాన్ని చూసి లెక్క రాసేది ఇప్పుడు బడిలో ఉన్న పిల్లలు.