వెనక పేజీలో రాసిన సిపాయి

చీడికాడ,
అనకాపల్లి జిల్లా.

చి. సౌజన్యకు తాతయ్య ఆశీస్సులు.

నీకు విశాఖలో ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఊరంతా చెప్పింది. నువ్వు మాత్రం ఫోనులో చిన్నబుచ్చుకుని మాట్లాడావు. "నర్సింగు చదివింది రోగి దగ్గర నిలబడ్డానికి గాని, నాణ్యత విభాగంలో కూర్చుని ఎవరు జారిపడ్డారు, ఎవరు పోయారు అని ఫారాలు నింపడానికా తాతయ్యా" అన్నావు. జవాబు చెప్పబోతే బస్సొచ్చిందని పెట్టేశావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీన్ని మధ్యలో తెంపలేవు.

మీ ఆసుపత్రికి మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ కార్డు పట్టుకుని వచ్చే ముసలి ఫౌజీలను రోజూ చూస్తుంటావు. 2003 ఏప్రిల్‌లో ఆ పథకం మొదలయ్యాకే మాకు పెన్షనుతో పాటు వైద్యం కూడా గట్టిగా చేతికందింది. కాకపోతే ఈ పల్లెల నుంచి చోడవరం వెళ్ళి, బస్సు మారి, విశాఖ పాలిక్లినిక్‌లో రిఫరల్ రాయించుకుని, మామూలుగా అప్పుడు గాని మీ గుమ్మం ఎక్కలేం. మోకాళ్ళకీ షుగరుకీ అయితే తిరుగుతాడు గాని, మనసు బాగోలేదని చెప్పుకోడానికి ఏ హవల్దారూ ఇంత దూరం రాడు. ఎందుకొచ్చావంటే నిద్ర పట్టడం లేదంటాడు. అంతకు మించి నోరు విప్పడు.

మా పక్క ఊళ్ళో అలాంటి మాజీ హవల్దారు ఒకాయన తన ప్రాణం తానే తీసుకున్నాడు. పేరు రాయను, ఆయన పిల్లలు ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నారు. శవపంచనామాకు పంచాయతీదారుల్లో ఒకడిగా నన్ను కూర్చోబెట్టారు. రాసే కానిస్టేబులు కుర్రాడు మర్యాదస్తుడే. కారణం దగ్గర "కడుపునొప్పి తాళలేక" అని రాసేశాడు. ఇంట్లోవాళ్ళు చెప్పింది అదే మరి. ఏ పేపరైనా జిల్లా పేజీ తిప్పి చూడు, కడుపునొప్పి ఎంతమందిని పొట్టన పెట్టుకుందో తెలుస్తుంది. అంత పెద్ద జబ్బు నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో పనిచేసినన్నాళ్ళూ ఏ వార్డులోనూ చూడలేదు. వృత్తి దగ్గర "వ్యవసాయం" అన్నాడు. రెండెకరాల చెరకుంది కాబట్టి అదీ అబద్ధం కాదు. "బాబూ, ఈయన ఆర్మీలో చేసి వచ్చాడు, మాజీ సైనికుడని రాయి" అన్నాను. "దానికి కాలం నేదండి తాతా" అన్నాడు. తిరగేసి చూస్తే నిజంగానే లేదు. నేను పట్టుబడితే కాయితం వెనక్కి తిప్పి ఒక ముక్క రాశాడు. వెనక పేజీలో రాసినవి ఎవరూ కూడరు.

ఆ కాయితం స్టేషను నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి, అక్కడి నుంచి ఢిల్లీలో నేర గణాంకాలు చూసే ఎన్‌సీఆర్‌బీకి అంకెగా మారి వెళ్తుంది. 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని వాళ్ళ పుస్తకం. అందులో రైతుకు గడి ఉంది, కూలీకి ఉంది, గృహిణికి, విద్యార్థికి, నిరుద్యోగికి, రిటైరైనవాడికి ఉంది. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ లాంటి కేంద్ర బలగాలకైతే ఏకంగా ఒక అధ్యాయమే ఉంది. మాజీ సైనికుడికి మాత్రం లేదు. సర్వీసులో ఉన్నవాళ్ళ సంగతి పార్లమెంటులో అడిగితే చెబుతారు. గడచిన ఐదేళ్ళలో త్రివిధ దళాల్లో 819 మంది, అందులో ఆర్మీవాళ్ళే 642 మంది అని 2022లో చెప్పారు. యూనిఫాం విప్పిన మర్నాటి నుంచి ఆ లెక్కలో మనిషి ఉండడు. 2016 నవంబరు 1న సుబేదార్ రాంకిషన్ గ్రేవాల్ ఢిల్లీలో ప్రాణం తీసుకుంటే దేశమంతా అట్టుడికింది. ఒకే ర్యాంకుకు ఒకే పెన్షను గొడవ నడుస్తున్న రోజులవి, టీవీలవాళ్ళు అక్కడే ఉన్నారు. అదే చీడికాడ మండలంలో అయితే కడుపునొప్పి.

ఇక పెన్షను కార్యాలయం సంగతి. మా పెన్షన్లు ఇప్పుడు స్పర్శ్ అనే కంప్యూటరు పద్ధతిలో వస్తున్నాయి. బతికే ఉన్నామని ఏటా జీవన్ ప్రమాణ్ ఇచ్చుకోవాలి. మనిషి పోతే భార్య మరణ ధ్రువపత్రం పెడుతుంది, ఫ్యామిలీ పెన్షను మొదలవుతుంది. అంటే ఏ సిపాయి ఏ తేదీన పోయాడో సర్కారుకు పైసాతో సహా తెలుసు. ఎలా పోయాడన్నది తెలీదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం కుటుంబానికిచ్చే పత్రంలో చావుకు కారణం రాయకూడదు. ఆ నిబంధన మంచిదే, ఇంటి గుట్టు కాపాడుతుంది. తీసెయ్యమని నేననను.

కాబట్టి పోలీసులకు ఎలా పోయాడో తెలుసు, ఎవరో తెలీదు. పెన్షనువాళ్ళకు ఎవరో తెలుసు, ఎలాగో తెలీదు. ఈ రెండూ ఒకే ఫైల్లో కనబడే చోటు ఆసుపత్రి ఒక్కటే. కార్డు నకలు మీ దగ్గరే ఉంటుంది, కేసు షీటూ మీ దగ్గరే. నువ్వు చిన్నచూపు చూస్తున్న కుర్చీ సరిగ్గా అక్కడ వేసి ఉంది తల్లీ.

ఈ లెక్క ఎంత కష్టమో అమెరికాను చూస్తే తెలుస్తుంది. అక్కడ మాజీ సైనికుల ఆసుపత్రులన్నీ ప్రభుత్వానివే. అందుకోసం అక్కడ ప్రత్యేకంగా ఒక మంత్రిత్వ శాఖ ఉంది. అయినా తమ ఆసుపత్రి ఆవరణలో జరిగిన ఆత్మహత్యలను విడిగా లెక్కపెట్టడం వాళ్ళు మొదలుపెట్టింది 2017 అక్టోబరులో. 2019 ఏప్రిల్‌లో ఐదు రోజుల వ్యవధిలో జార్జియాలో ఇద్దరు, టెక్సాస్‌లో ఒకరు ఆ ఆవరణల్లోనే పోయారు. వైద్యం చేసే చోటికే వచ్చి చనిపోయారంటే జనం ఊరుకోలేదు. తర్వాత 2020 సెప్టెంబరులో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే సంస్థ, వాళ్ళ కాగ్ అనుకో, ఆ శాఖ రెండేళ్ళకు చెప్పిన 55 మరణాల చిట్టా విప్పింది. 10 మరణాలు ఎక్కించకూడనివి ఎక్కించారు, 4 ఎక్కించాల్సినవి వదిలేశారు. చూశావా, కంప్యూటర్లూ నిధులూ అన్నీ ఉన్న దేశంలో యాభై అయిదు పేర్ల జాబితా తప్పింది. కింద రాసి పంపినదాన్ని పైన సరిచూసే అంచె ఆ పద్ధతిలో లేదని ఆ నివేదిక తేల్చింది. దేశం మొత్తం మీద 2022లో అక్కడ 6,407 మంది మాజీ సైనికులు ఆత్మహత్య చేసుకున్నారు. ఆ అంకె బయటికి రావడానికి రెండేళ్ళు పట్టింది. ఆలస్యమైనా వచ్చింది. మనకు రావడానికి అంకే లేదు.

నాకు బాగా నచ్చింది ఆస్ట్రేలియా పద్ధతి. వాళ్ళు సైన్యం సర్వీసు రికార్డులనూ దేశం మరణాల రిజిస్టరునూ పక్కపక్కన పెట్టి పేరుకు పేరు సరిపోల్చారు. 1997 నుంచి 2021 దాకా సర్వీసులో ఉన్నవాళ్ళూ మానేసినవాళ్ళూ కలిపి 1,677 మంది ఆత్మహత్య చేసుకున్నారని తేలింది. 2021లో వేసిన రాయల్ కమిషన్ 2024 సెప్టెంబరులో 122 సిఫార్సులిచ్చింది. అంతకుముందు ముప్ఫయ్యేళ్ళలో యాభైకి పైగా విచారణలు జరిగి అన్నీ బీరువాల్లోకి వెళ్ళాయట. అందుకే ఈసారి, చెప్పింది చేశారా లేదా అని వెంటబడి అడగడానికి చట్టబద్ధంగా ఒక స్వతంత్ర సంస్థ కావాలన్నారు, ప్రభుత్వం పెట్టింది.

మనకలాంటి ఆనవాయితీ అసలు లేదని కాదు. లాకప్పులో మనిషి పోతే 24 గంటల్లో జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు తెలపాలని 1993 డిసెంబరు నుంచి ఆదేశం ఉంది. సర్కారు చేతిలో ఉన్న ప్రాణానికి సర్కారే జవాబు చెప్పాలని దాని అర్థం. సర్కారు రిఫరల్ ఇచ్చి పంపిన ముసలి సిపాయి ప్రాణం అంతకంటే తక్కువదా?

ఇప్పుడు నీ పని. వార్డులో రాత్రి డ్యూటీ అప్పగించేటప్పుడు మాకొక పద్ధతుండేది. మంచాలు లెక్కపెడితే చాలదు, మనుషుల్ని లెక్కపెట్టాలి. బాత్రూంలో ఉన్నాడని పక్కవాడు చెబితే సరిపోదు, తలుపు కొట్టి గొంతు విని రిజిస్టరులో వెయ్యాలి. కొత్త కుర్రాళ్ళు విసుక్కునేవారు. మానసిక వార్డులో ఆ విసుగే చాలాసార్లు మనిషిని బతికించింది.

ఫారం నింపేటప్పుడు చోటు తప్పకుండా రాయి. వార్డా, మెట్లా, పార్కింగా, గేటు బయటా అన్నది పట్టింపుగా ఉండాలి. "మా ఆవరణ కాదు" అన్న మాటతో చాలా మరణాలు ఏ ఆసుపత్రి ఖాతాలోనూ పడకుండా పోతాయి. టైము రాయి, డ్యూటీ మారే వేళ అయితే అదీ రాయి. ప్రయత్నం చేసి బతికినవాళ్ళనూ వదలకు, నేర్చుకునేది ఎక్కువ వాళ్ళ దగ్గరే. కేసవుతుందన్న భయంతో కొన్నిచోట్ల "జారిపడ్డాడు" అని రాసేస్తారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షను చదువు. ప్రయత్నం చేసినవాడు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, అతనికి వైద్యం చేయించే బాధ్యత ప్రభుత్వానిది. చావైతే పోలీసులకు మెడికో లీగల్ కేసు కాయితం, అదే ఎంఎల్‌సీ, ఎలాగూ వెళ్తుంది, అందులో "మాజీ సైనికుడు" అన్న రెండు మాటలు మొదటి పేజీలోనే పడేలా చూడు. మీ మేనేజరు మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనీ. ఇంట్లోవాళ్ళతో మాట్లాడేటప్పుడు మాత్రం ఫారం కిందపెట్టి మాట్లాడు.

ఇంకొకటి. మనసు బాగోలేనివాళ్ళు ఫోను చేసే టెలి మానస్ 14416 నంబరు, తెలుగులో, ఈసీహెచ్‌ఎస్ కౌంటరు దగ్గర కంటి ఎత్తులో అంటించమని అడుగు. ఏ వేళకైనా, డబ్బు లేకుండా, మన భాషలోనే మాట్లాడతారు. సైన్యం వాళ్ళకోసం 2023 డిసెంబరులో పుణెలో దానికి ప్రత్యేక విభాగం కూడా పెట్టారు. మా తోటివాళ్ళలో చాలామందికి ఆ సంగతే తెలీదు.

మాడుగుల హల్వా మీ మామయ్య చేత పంపుతున్నాను, హాస్టల్లో అందరికీ పెట్టు. మీ ఆసుపత్రి సంఘటన ఫారం ఖాళీది ఒకటి నాకు పంపు. వచ్చే నెల చోడవరంలో మాజీ సైనికుల సమావేశం ఉంది. స్పర్శ్ జాబితానూ పోలీసుల జాబితానూ ఏడాదికోసారి, పేర్లు బయటపెట్టకుండా, సరిచూడమని జిల్లా సైనిక సంక్షేమ అధికారికి అర్జీ రాశాం. దానికి ఆ ఫారం జతచేస్తాను. సంతకాలు పెట్టినవాళ్ళలో ఆ హవల్దారు భార్య కూడా ఉంది.

ఆశీస్సులతో,
తాతయ్య