ఇంటికి పంపబడిన వీరులు

ఈ నెల వాక్యపాఠము
చదువవలసిన భాగములు: న్యాయాధిపతులు 7:1–23, 2 దినవృత్తాంతములు 25:5–13, 1 సమూయేలు 30:9–25



మన పల్నాడు వీరుల సీమ. కారంపూడిలో వీరుల గుడి యున్నది. ఏటేట కార్తిక మాసములో అక్కడ ఉత్సవము జరుగును. యుద్ధములో పడినవారిని ఈ సీమ ఎనిమిది వందల ఏండ్లుగా మరువలేదు. అయితే యుద్ధములో పడక, ఏ తప్పిదమును చేయక, సైన్యమును తగ్గించుచున్నాము గనుక ఇంటికి వెళ్లుమని పంపబడిన సైనికుని ఎవరు జ్ఞాపకము చేసికొందురు? ఈ నెల పాఠము అట్టివానిని గూర్చినది.

సైన్యమును తగ్గించుట క్రొత్త సంగతి కాదు. మొదటి ప్రపంచ యుద్ధము తరువాత ప్రభుత్వము ఖర్చు తగ్గింపబూనినప్పుడు, మన దక్షిణాదివారి మద్రాసు రెజిమెంటు పటాలములు ఒక్కొక్కటిగా రద్దయి, 1928 నాటికి లేకుండపోయెను. రెండవ ప్రపంచ యుద్ధము రాగా ఆ రెజిమెంటునే మరల నిలుపవలసి వచ్చెను. 1939లో సుమారు 2 లక్షలుగా నున్న భారత సైన్యము 1945 నాటికి 25 లక్షలకు చేరెను. యుద్ధము ముగియగానే వారిలో అధిక భాగము ఇండ్లకు పంపబడిరి. ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజీలు 1945లో మొదలిడబడినది అట్లు తిరిగివచ్చిన వారికి పని చూపుటకే.

మన కాలములో 2022 జూన్‌లో ప్రకటింపబడిన అగ్నిపథ్ పథకము ప్రకారము యువకులు నాలుగేండ్లు సేవచేయుదురు. పిమ్మట నూటికి 25 మందికి మించకుండ స్థిరముగా ఉంచుకొని, మిగిలినవారికి సుమారు 11 లక్షల 71 వేల రూపాయల సేవానిధి యిచ్చి పంపుట అప్పుడు ప్రకటించిన ఏర్పాటు. పింఛను లేదు. ఇరువదియైదేండ్లు నిండకమునుపే అనేకులు ఇల్లు చేరుదురు. వీరి హృదయము కృంగకుండుటకు వాక్యము మనకేమి నేర్పుచున్నది?

1. పంపబడినవాడు త్రోసివేయబడినవాడు కాడు

హరోదు బావియొద్ద గిద్యోనుతో 32,000 మంది యుండిరి. భయపడువారు వెళ్లవచ్చుననగా 22,000 మంది వెళ్లిరి. మిగిలిన 10,000 మందిలో నీళ్లు త్రాగిన రీతినిబట్టి 300 మంది నిలిచిరి. ఆ తరువాత పంపబడిన 9,700 మందిని కొంచెము ఆలోచించుడి. వెళ్లుటకు సెలవు దొరికినప్పుడు వారు వెళ్లలేదు. భయపు పరీక్షలో వారు నెగ్గినవారే. వారు పిరికివారనిగాని పాపులనిగాని వాక్యము ఎక్కడను చెప్పలేదు. కావలసిన సంఖ్య చిన్నది, అంతే.

మరియొక సంగతి. శత్రువు పారిపోవునప్పుడు నఫ్తాలి, ఆషేరు, మనష్షే గోత్రములవారు తరుముటకు పిలిపింపబడిరి. మొదట గిద్యోను పిలుపు విని వచ్చిన గోత్రములలో ఇవియు నున్నవి. ఇంటికి వెళ్లినవారి పని ముగిసిపోలేదు.

2. నిలిచినవానికిని భయము కలుగును

సేన చిన్నదైన రాత్రి గిద్యోను భయపడెను. దేవుడు ఆయనను గద్దింపలేదు. పూరా అను పనివానిని తోడు తీసికొని శత్రువుల దండులోని మాటలు వినుమని చెప్పెను. తోడొకటి, నిజమైన సమాచారమొకటి దొరకగా ఆయన చేతులు బలపడెను.

తోటివారు వెళ్లిపోవునప్పుడు మిగిలినవానికి పని బరువగును. రేపు నా వంతేమోయను దిగులు పుట్టును. పుకార్లు ఆ దిగులును పెంచును. అధికారి మర్మము లేకుండ ముందుగా నిజము చెప్పిన యెడల సైనికుడు చెడ్డ వార్తను సహితము భరించును. తలిదండ్రులారా, ఫోనులో మాటలాడునప్పుడు, "ఆ ఇరవై అయిదు మందిలో నువ్వు లేకపోతే మా పరువేం గాను?" అనవద్దు. "ఉంచుకున్నా మంచిదే, పంపినా మంచిదే, ఈ ఇల్లు నీదే నాయనా" అనుడి. కావలి కాయువానికి ఆ మాట గొప్ప బలము.

3. డబ్బు మాత్రమే చాలదు

యూదా రాజైన అమజ్యా ఇశ్రాయేలునుండి లక్షమంది యోధులను వెండి యిచ్చి కుదుర్చుకొనెను. దైవజనుడు వద్దనగా వారిని పంపివేసెను. ఇచ్చిన వెండి తిరిగి పుచ్చుకొనలేదు. అయినను వారు మహా కోపముతో వెళ్లి, యూదా పట్టణములమీద పడి మూడు వేలమందిని చంపి దోచుకొనిరి. వారి క్రియ పాపమే. అయితే మనము నేర్చుకొనవలసినది ఒకటి యున్నది: జీతము ముట్టెను గాని గౌరవము ముట్టలేదు.

దావీదు మరియొక విధముగా చేసెను. అలసి బెసోరు వాగునొద్ద నిలిచిపోయిన 200 మందికి, పోరాడినవారితో సమానముగా పాలు ఇచ్చెను. వారిని సమీపించి ముందుగా కుశలమడిగెను.

మన సంఘము చేయవలసినది

బస్టాండులో దిగిన కుర్రవానిని "ఏరా అబ్బాయ్, తీసేశారంటగా?" అని అడుగువారు మనలోనే యున్నారు. ఆ ఒక్క మాట నాలుగేండ్ల సేవను బూడిద చేయును. అతడు బయలుదేరిన దినమున సంఘము నిలువబడి ప్రార్థన చేసెను గదా. తిరిగివచ్చిన ఆదివారమున అట్లే నిలువబడి కృతజ్ఞత చెల్లింపవలెను.

సేవానిధి చేతికి వచ్చిన దినమే అప్పు అడుగువారును, చీటీలవారును, పెండ్లి మాటలవారును ఇంటికి వత్తురు. పెద్దలు అడ్డుపడి, ఆరు నెలలు ఆ సొమ్మును బ్యాంకులో కదలకుండ ఉంచనియ్యవలెను.

కేంద్ర సాయుధ పోలీసు దళములలో మాజీ అగ్నివీరులకు ప్రత్యేకించిన స్థానములు కలవు. దరఖాస్తు విషయములు తెలిసిన ఉపాధ్యాయులు మన సంఘములలో నున్నారు. వారు ఒక సాయంకాలము కూర్చుండి సహాయము చేయవచ్చును. నరసరావుపేటలోను పిడుగురాళ్లలోను మాచర్లలోను పని ఇచ్చు స్థితిలోనున్న విశ్వాసులు ముందుగా వీరిని తలంచుదురు గాక.

మొదటి నెలలు కష్టమైనవి. తెల్లవారుజామున బూరకు లేచినవానికి లేవవలసిన పని లేకుండపోవును. అట్టి వేళ అతని ఇంటికి ఒకరు వెళ్లి కూర్చుండవలెను. మనము వెళ్లని యెడల మద్యపు దుకాణము అతనిని పిలుచును.

ఆలోచించుటకు ప్రశ్నలు
1. గిద్యోను పంపివేసిన 9,700 మంది ఏ తప్పు చేసిరి?
2. అమజ్యా చేసినదానికిని దావీదు చేసినదానికిని భేదమేమి?
3. మన ఊరిలో సైన్యమునుండి తిరిగివచ్చిన వారెవరు? వారి గడప మనము ఎప్పుడు త్రొక్కితిమి?

ప్రార్థన: ప్రభువా, సరిహద్దున నిలిచినవారికి ధైర్యమును, తిరిగివచ్చినవారికి పనిని, మాకు వారిని గౌరవించు మనస్సును దయచేయుము. ఆమేన్.