కదిలే బండ్లు – కుదురులేని దారులు

టెలిఫోను స్తంభం కదలదు. అందుచేత మాట ఏ తీగ వెంట ఏ ఊరు చేరాలో ముందే నిర్ణయించి పెట్టుకోవచ్చు. రోడ్డు మీద పరుగెత్తే వాహనాల మధ్య వైర్‌లెస్ ద్వారా సమాచారం పంపాలంటే ఆ సౌకర్యం లేదు.

బండిలోని రేడియో పరికరం సుమారు 300 మీటర్ల దూరం నేరుగా మాట్లాడగలదనుకుందాం. అంతకు మించి కబురు పోవాలంటే మధ్యనున్న బండ్లు మట్టి తట్టలు అందించుకున్నట్టు ఒకదానికొకటి అందించుకోవాలి. తర్వాత ఎవరికివ్వాలో తేల్చడమే రౌటింగు.

ఒక చిన్న లెక్క చూడండి. రెండు లారీలు ఎదురెదురుగా గంటకు 60 కి.మీ. చొప్పున వస్తున్నాయి. వాటి సాపేక్ష వేగం 120 కి.మీ., అంటే సెకనుకు దాదాపు 33 మీటర్లు. కలవక ముందు 300, దాటాక 300, మొత్తం 600 మీటర్ల మేరకే వాటి పొత్తు. 18 సెకన్లలో తెగిపోతుంది! ఒకే దిక్కుకు పోతూ వేగంలో 10 కి.మీ. తేడా ఉంటే మాత్రం 216 సెకన్లు నిలుస్తుంది.

2003లో వివరాలు వెలువడిన 'ఏఓడీవీ' పద్ధతిలో ముందు "ఫలానావాడెక్కడ?" అని అందరినీ అడిగి, జవాబు వచ్చిన దారినే సమాచారం పంపుతారు. బండ్ల విషయంలో ఆ దారి వాడుకునేలోపే ఎక్కడో ఒక లంకె ఊడుతుంది. మళ్లీ వెతుకులాట మొదలు.

2000లో బ్రాడ్ కార్ప్, హెచ్.టి. కుంగ్ అనే శాస్త్రజ్ఞులు వేరే ఉపాయం చెప్పారు. అసలు దారే కట్టవద్దు. ఎవరెక్కడున్నారో పొరుగువారికి తెలుస్తూ ఉంటే చాలు. గమ్యానికి అందరికన్నా దగ్గరగా ఉన్న పొరుగువాడికి ఇచ్చేయడమే. అలాంటివాడు లేకపోతే చుట్టూ తిరిగి పోవాలన్నారు. కానీ అర్ధరాత్రి ఒంటరి రోడ్డు మీద చుట్టూ తిరగడానికి ఎవరుంటారు? అప్పుడు కబురును దగ్గరే ఉంచుకుని మోసుకుపోవాలి. సంతకు పోయేవాడి చేత కబురంపడం మా ఊళ్లో ఎరిగిన పనే. అయితే రేడియోలో సెకనులో వెయ్యో వంతుల్లో పోయేది, బండి మీద కిలోమీటరుకు నిమిషం పడుతుంది. మిర్చి ధరకైతే పర్వాలేదు, ప్రమాద హెచ్చరికకు పనికిరాదు.

హెచ్చరిక సంగతే వేరు. అది ఒకరికి కాదు, వెనక వచ్చే వారందరికీ. విన్న ప్రతివాడూ తిరిగి అరిస్తే జాతరలా ఒక్క మాటా వినపడదు. 1999లోనే పరిశోధకులు దీన్ని 'ప్రసార తుఫాను' అన్నారు. ఒక విరుగుడు ఇది: హెచ్చరిక పంపినవాడికి ఎంత దూరాన ఉంటే అంత తక్కువసేపు ఆగాలి. అందరికన్నా దూరాన ఉన్నవాడు ముందు పలుకుతాడు, అది విని మధ్యవాళ్లు ఊరుకుంటారు. పెత్తందారు లేకుండానే పని జరిగిపోతుంది. ఈ పాఠంలో నాకు బాగా నచ్చింది ఇదే.

ఇంతా చేసి, క్రషింగు రోజుల్లో వెనక లైటు లేని చెరకు ట్రాక్టరు రోడ్డు మీద చెడిపోయి ఆగిందనుకోండి. దానికి రేడియో లేదు. వెనక వచ్చే కారు రేడియో లెక్కలో ఆ రోడ్డు ఖాళీ! ఖరీదైన బండ్లు తమలో తాము మాట్లాడుకుంటే దీనికేం లాభం? అందుకే కెమెరా, రాడారు ఉన్న బండి తాను చూసిన ఇతరుల గురించి కూడా చెప్పాలనే పద్ధతి వచ్చింది. ఐరోపాకు చెందిన 'ఎట్సీ' సంస్థ 2023లో దానికి ప్రమాణం వెలువరించింది. మూగ ట్రాక్టరు తరఫున మరొకరు మాట్లాడతారన్న మాట. అందుకు అలాంటి బండి ఒకటైనా ముందుగా ఆ పక్కనుంచి క్షేమంగా దాటి ఉండాలి.