కారు నుజ్జయ్యాక: బీమా కంపెనీతో చేయవలసినవి, చేయకూడనివి

"ఇది బాగుచేయించే లెక్కలో లేదు, టోటల్ లాస్ కింద పెట్టేద్దాం" అని సర్వేయరు అనగానే చాలా ఇళ్లలో సగం భారం దిగినట్టు ఊపిరి పీల్చుకుంటారు. అప్పుడే ఇంకా ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ఆ రోజు నుంచి మీ ముందుకొచ్చే ప్రతి కాగితమూ మీ సంతకం కోసమే వస్తుంది. డబ్బెంతో తేలకముందే తాళాలు, సీ-బుక్కు, ఖాళీ ఫారాలు చేతులు మారిపోతాయి. కర్నూలు మీదుగా బెంగళూరు పోయే 44వ నంబరు హైవే మీద గానీ, నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు దాటి కడపకు, అక్కడి నుంచి గువ్వలచెరువు ఘాట్ ఎక్కి రాయచోటికి పోయే 40వ నంబరు హైవే మీద గానీ కారు నడిపే ప్రతి ఇల్లూ ఈ సంగతులు ముందే తెలుసుకుని ఉండాలి.

రోడ్డు మీద

మొదట మనుషుల్ని చూడండి. 2021 ఫిబ్రవరిలో వెల్దుర్తి దగ్గర టెంపో, లారీ గుద్దుకుని 14 మంది పోయింది ఆ 44వ నంబరు హైవే మీదే. కారులో వాళ్లను రోడ్డు మీద నుంచి తప్పించి దూరంగా కూర్చోబెట్టండి. అంబులెన్సుకు 108, పోలీసులకు 112, హైవే సాయానికి 1033. రోడ్డు ప్రమాద బాధితులకు మొదటి ఏడు రోజుల్లో లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా వైద్యం అందించే కేంద్ర పథకం 2025 మే నుంచి అమల్లో ఉంది. ఆసుపత్రిలో ఆ మాట గుర్తుచేయండి.

కారును కదిలించేలోపు ఫోటోలు, వీడియో తీయండి. నంబరు ప్లేటు, నాలుగు వైపులా దెబ్బలు, టైర్ల గుర్తులు, ఎదుటి బండి, దగ్గర్లోని కిలోమీటరు రాయి అన్నీ పడాలి. గుద్దుకోవడంలో ఎవరికైనా దెబ్బలు తగిలితే డ్రైవరు 24 గంటల్లోగా పోలీసులకు చెప్పాలని, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలని మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ చెబుతుంది. ఎవరికీ ఏమీ కాకపోయినా కంపెనీకి అదే రోజు ఫోన్ చేసి క్లెయిము నంబరు రాసుకోండి, ఆ వెంటనే ఒక ఈమెయిలు కూడా పంపండి. ఫోన్ మాటకు సాక్ష్యం ఉండదు.

డ్రైవరును మార్చకండి. లైసెన్సు లేని కొడుకు నడిపితే తండ్రి నడిపాడనీ, తాగినవాడు నడిపితే బావమరిది నడిపాడనీ చెప్పడం మన దగ్గర మామూలైపోయింది. ఎఫ్‌ఐఆర్‌లో ఒక పేరు, ఆసుపత్రి రికార్డులో స్టీరింగు దెబ్బతో ఇంకో పేరు ఉంటే కంపెనీ పంపే ఇన్వెస్టిగేటరు ఒక్క పూటలో పట్టేస్తాడు. అప్పుడు క్లెయిము పోవడమే కాదు, తప్పుడు వాంగ్మూలం కేసు కూడా మీ మెడకు చుట్టుకుంటుంది.

ఓన్ బోర్డు కారును బాడుగకు తిప్పే అలవాటు సీమలో ఎక్కువే. మంత్రాలయానికి, తిరుమలకు, బెంగళూరు ఆసుపత్రులకు తెలిసినవాళ్ల కారు మాట్లాడుకుని పోతారు. అలా పోతుండగా ప్రమాదమైతే కంపెనీ, సొంతానికే వాడాలన్న పాలసీ షరతు చూపించి సున్నా అంటుంది. అబద్ధం ఆడకండి, అలాగని సున్నాకు తలూపకండి. అమలేందు సాహూ కేసులో 2010లో సుప్రీంకోర్టు ఇలాంటి షరతు తప్పిన క్లెయిమును పూర్తిగా కొట్టేయకుండా నాన్-స్టాండర్డ్ పద్ధతిలో కొంత చెల్లించాలని చెప్పింది. ఆ పద్ధతిలో 75 శాతం దాకా అడగవచ్చు.

సర్వేయరు వచ్చాక

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 జూన్‌లో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్లెయిము తెలిపిన 24 గంటల్లో సర్వేయరును వేయాలి, 15 రోజుల్లో అతని రిపోర్టు రావాలి, అది అందిన 7 రోజుల్లో కంపెనీ తేల్చి చెప్పాలి. కాగితాలు లేవన్న ఒక్క కారణంతో క్లెయిము తోసిపుచ్చకూడదు. ఈ తేదీలను ఒక పుస్తకంలో రాసుకుని, ఒక్కో గడువు దాటిన రోజున ఒక్కో ఈమెయిలు పెట్టండి. కోపంగా రాయనక్కర్లేదు, తేదీలు ఉంటే చాలు.

ఇక లెక్క. పాలసీ మీద ఐడీవీ అని ఒక అంకె ఉంటుంది. అంత మొత్తానికి మీ కారును బీమా చేశారన్నమాట. కొత్త కారు ధరలోంచి ఆరు నెలల లోపైతే 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, అయిదేళ్ల లోపు 50 శాతం తీసేసి ఆ అంకె వేస్తారు. అయిదేళ్లు దాటితే మీరూ కంపెనీ ఒప్పుకున్నదే ఐడీవీ. ప్రీమియం నాలుగు వందలు తగ్గుతుందని ఏజెంటు ఐడీవీ తగ్గించేస్తే కారు నుజ్జయిన రోజున ఆ నాలుగు వందలకు నలభై వేలు పోవచ్చు. రెన్యువల్ నాడే ఈ అంకె చూసుకోండి.

రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే దాన్ని టోటల్ లాస్‌గా లెక్కించాలి. తగవంతా ఈ గీత దగ్గరే. ఆరేళ్ల కారు, ఐడీవీ 3 లక్షలు అనుకుందాం. గీత 2,25,000 దగ్గర పడుతుంది. షోరూం వర్క్‌షాపు ఎస్టిమేషను 2,60,000 వచ్చింది, అంటే గీత దాటింది. అయితే అయిదు నుంచి పదేళ్ల కారుకు ఇనుప భాగాల మీద 40 శాతం, ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగుల మీద 50 శాతం తరుగుదల కోస్తారు. ఆ కోత పోయాక మిగిలినదే లెక్క అనే సర్వేయర్లు ఉన్నారు. కోత పోగా 1,80,000 తేలిందనుకోండి, టోటల్ లాస్ కాదంటారు, రిపేరు చేయించుకోమంటారు. 80,000 మీ జేబులోంచి పోతుంది, చేతికొచ్చేది ఛాసిస్ వంకరపోయిన కారు. అందుకే బండిని పూర్తిగా విప్పించి, లోపలి దెబ్బలు కూడా కలిపి వర్క్‌షాపు చేత రాతపూర్వకంగా ఎస్టిమేషను వేయించండి. పైపైన చూసి వేసిన అంకెకు ఒప్పుకోకండి. విప్పడానికి ముందు సర్వేయరు ఒప్పుకున్నాడని ఈమెయిలులో ఉండాలి.

సర్వే రిపోర్టు కాపీ అడిగి తీసుకోండి. అది చివరి మాటేమీ కాదు. 2009లో న్యూ ఇండియా అస్యూరెన్స్, ప్రదీప్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఆ మాట స్పష్టంగా చెప్పింది. తేడా ఉందనిపిస్తే ఏ భాగం దగ్గర, ఎంత, ఎందుకు అన్నది రాసి పంపండి.

కారు వర్క్‌షాపులో పడి ఉన్నన్నాళ్లూ పార్కింగు ఛార్జీ పెరుగుతూ ఉంటుంది. అది ఎవరు కట్టాలో మొదటి వారంలోనే అడిగేయండి.

కారు శవాన్ని ఎవరికి, ఎలా అప్పగించాలి

అన్నిటికన్నా ఎక్కువ భయపడాల్సింది ఇక్కడే. టోటల్ లాస్ డబ్బు రెండు రకాలుగా వస్తుంది. కంపెనీ నుజ్జయిన కారును తాను చూపించిన కొనుగోలుదారుకు ఇప్పించి, ఐడీవీలోంచి తప్పనిసరి మినహాయింపు మాత్రం తీసి మిగతాది ఇస్తుంది. ఆ మినహాయింపు 1500 సీసీ దాకా 1,000 రూపాయలు, ఆ పైన 2,000. లేదా కారు మీ దగ్గరే ఉంచుకోమని, దాని ధర కూడా తీసేసి ఇస్తుంది. రెండో దారిలో ఆ ధర ఎంత వేశారో నిలదీయండి. ఎవరూ కొనని ధర వేసి కోస్తే ఆ ధరకే కొనే మనిషిని చూపించమనండి.

కొనేవాడు వచ్చి, "అన్నా, ఈడ ఈడ సంతకాలు పెట్టు, మిగతాదంతా మేం చూసుకుంటాంలే" అంటాడు. ముందు పెట్టేవి ఫారం 29, ఫారం 30. బండి పేరు మార్చే ఫారాలు అవి. పేరు, తేదీ, చిరునామా గడులన్నీ ఖాళీ. పెట్టకండి. ఆ కారు ఛాసిస్ నంబరును దొంగిలించిన కారుకు కొట్టి, మీ సీ-బుక్కుతో అమ్మే ముఠాలు ఉన్నాయి. రేపు అది అనంతపురంలోనో బళ్లారిలోనో ఎవరినైనా గుద్దితే రికార్డులో యజమాని మీరే. 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఎటూ తిప్పకుండా చెప్పింది: బండి ఎన్ని చేతులు మారినా ఆర్‌టీఏ రికార్డులో ఎవరి పేరుందో పరిహారం బాధ్యత వాళ్లదే.

కొనేవాడి పేరు, ఆధార్ కాపీ, తేదీ, సమయంతో డెలివరీ రసీదు రాయించుకోండి. ఫారాల్లో గడులన్నీ నింపాకే సంతకం పెట్టి ఫోటోలు తీసి దాచండి. కారు ఇక రోడ్డెక్కదని తేలితే 55వ సెక్షన్ కింద 14 రోజుల్లో ఆర్‌టీఏకి తెలిపి, సీ-బుక్కు అప్పగించి రిజిస్ట్రేషన్ రద్దు చేయించండి. స్క్రాపుకు ఇస్తే గుర్తింపు ఉన్న స్క్రాపింగు కేంద్రానికే ఇచ్చి డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకోండి. కర్నూలు, కడప ఆర్‌టీఏ ఆఫీసులకు ఒకటికి రెండుసార్లు తిరగాల్సి వచ్చినా తిరగండి. అద్దం మీది ఫాస్టాగ్ పీకి బ్యాంకులో మూయించడం మరవకండి.

డబ్బు ఖాతాలో పడకముందు "పూర్తిగా ముట్టింది, ఇక ఏ క్లెయిమూ లేదు" అని రాసిన వోచరు మీద సంతకం అడుగుతారు. తక్కువ మొత్తానికి పెట్టక తప్పకపోతే, అదే రోజు "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని ఈమెయిలు పంపండి. ఎక్కువ అడిగే హక్కును ఆపడానికి ఈ వోచరును వాడకూడదని ఐఆర్‌డీఏఐ 2015లోనే కంపెనీలకు చెప్పింది.

ఫైనాన్సు, సెకండ్ హ్యాండ్, వాన

కారు మీద అప్పుంటే డబ్బు ముందు ఫైనాన్సు కంపెనీకి పోతుంది, మిగిలితేనే మీకు. అప్పు ఐడీవీ కన్నా ఎక్కువుంటే కారు లేకపోయినా కంతులు కట్టాలి. కొత్త కారు కొనేటప్పుడు రిటర్న్ టు ఇన్వాయిస్ అనే అదనపు కవరు తీసుకున్నవాళ్లకు ఈ గండం తప్పుతుంది.

సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు సీ-బుక్కుతో పాటు పాలసీ కూడా 14 రోజుల్లో తమ పేరుకు మార్చుకోవాలి. ఎదుటివాళ్లకిచ్చే థర్డ్ పార్టీ కవరు దానంతటదే మారుతుంది గానీ, మీ కారు నష్టం కవరు మారదని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది. గ్యాస్ కిట్ పెట్టించినవాళ్లు సీ-బుక్కులోనూ పాలసీలోనూ ఎక్కించాలి. ఎక్కించని కిట్టుతో కారు కాలిపోతే కంపెనీ మొదట పట్టుకునేది దాన్నే.

వానలే లేని సీమలో, నీళ్లు చేరి ఇంజిన్ పాడైతే ఆదుకునే అదనపు కవరెందుకని ఏజెంట్లే అంటుంటారు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పాతబస్తీని ముంచాయి. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు తెగి రాజంపేట వైపు ఊళ్లు కొట్టుకుపోయాయి. నీళ్లలో మునిగిన కారును స్టార్ట్ చేయకండి. నీళ్లు సిలిండర్లోకి పోయి ఇంజిన్ పట్టేస్తే, మీరు స్టార్ట్ చేయడం వల్లే పాడైందంటారు. బ్యాటరీ తీగ తీసి, క్రేనుతో లాగించండి.

ఒప్పుకోకపోతే

ముందు కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాయండి. అలాగే బీమా భరోసా పోర్టల్‌లో గానీ 155255కు గానీ ఫిర్యాదు చేయవచ్చు. నెల రోజులు జవాబు లేకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి ఏడాదిలోగా వెళ్లవచ్చు. ఆంధ్ర, తెలంగాణ రెండూ ఆ ఆఫీసు కిందివే. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా ఇప్పించే అధికారం ఉంది. వినియోగదారుల కమిషన్ దారిలో గడువు రెండేళ్లు. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా మీరుండే కర్నూలులోనో కడపలోనో కేసు వేయవచ్చు. అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవాలనుకుంటే కోర్టులోగానీ కమిషన్‌లోగానీ అదే విషయంపై కేసు ఉండకూడదు కాబట్టి ఏ దారో ముందే తేల్చుకోండి.

ఇంకొకటి, చాలా కుటుంబాలు అడగనిది. లైసెన్సు ఉన్న యజమానే కారు నడుపుతూ చనిపోతే, పాలసీలో ఓనర్-డ్రైవర్ ప్రమాద బీమా ఉంటే నామినీకి 15 లక్షలు రావాలి. ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, మరణ ధ్రువీకరణ పత్రం జతచేసి కారు క్లెయిముతో సంబంధం లేకుండా వేరుగా దరఖాస్తు పెట్టాలి. ఆ ఇంట్లో వాళ్లకు అప్పుడు పాలసీ కాగితం తీసి చూసే ఓపిక ఉండదు. బంధువుల్లో ఒకరు ఆ పని నెత్తిన వేసుకోండి.