20 మంది 80 మందిని ఎలా ఓడిస్తారు?

మన కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డును చివరికి ముగ్గురు న్యాయనిర్ణేతలు తేలుస్తారు. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో అవార్డుకు మాత్రం వరల్డ్‌కాన్ సభ్యులైన పాఠకులే ఓటేస్తారు. మరి అది మెజారిటీ మాటేనా?

లెక్క చూద్దాం. మా నేలకొండపల్లిలో 100 మంది పాఠకులున్నారనుకోండి. ఒక్కొక్కరు ఐదు పుస్తకాలు నామినేట్ చేయాలి. 80 మంది ఎవరికి నచ్చినవి వాళ్లు రాశారు. ఆ 400 ఓట్లు 40 పుస్తకాలకు సమంగా చీలితే ఒక్కోదానికి 10. మిగతా 20 మంది కూడబలుక్కుని ఒకే లిస్టు రాస్తే ఆ ఐదింటికీ తలా 20. ఫైనల్లో ఐదు చోట్లూ వాళ్లవే!

2015లో హ్యూగోలో దాదాపు ఇదే జరిగింది. ‘శాడ్ పప్పీస్’, ‘రాబిడ్ పప్పీస్’ వర్గాల లిస్టులు చాలా విభాగాలను నింపేశాయి. చివరి ఓటింగులో సభ్యులు ఐదు విభాగాల్లో అవార్డు ఎవరికీ వద్దనేశారు.

2017 నుంచి నామినేషన్ల లెక్కింపు మార్చారు. ఓటరుకు ఒకటే పాయింటు. అతని లిస్టులో పోటీలో మిగిలిన పుస్తకాలకు దాన్ని సమంగా పంచుతారు. అతి తక్కువ పాయింట్లున్న రెండింటిలో నామినేషన్లు తక్కువున్నది అవుట్; దాని వాటా అదే లిస్టులోని మిగతావాటికి వెళ్తుంది. అప్పుడు ఆ గుంపు పుస్తకాలు ఐదూ ఒకే 20 పాయింట్లు పంచుకోవాల్సిందే.

మన క్లబ్బు కథల పోటీకి పోల్ పెట్టేముందు ఈ లెక్క చూసుకోవాలి. ఒక్క బ్రాంచి వాట్సాప్ గ్రూపు కదిలితే చాలు, ఇంకో బ్రాంచి వాళ్ల మంచి కథ ఎవరూ చదవకముందే పక్కకు పోతుంది.